మన గల్లీ పటం: పిల్లలతో కలిసి గీయడం ఎలా

మా దగ్గరికి వచ్చే పిల్లల్ని మొదటిరోజు ఒక ప్రశ్న అడుగుతాను. "మీది ఏ ఊరు?" పన్నెండు మందిలో పదిమంది తడుముకోకుండా చెప్పేస్తారు. పాలమూరు, నల్గొండ, శ్రీకాకుళం, గుల్బర్గా. ఒకమ్మాయి గంజాం అంది. పుట్టింది సికింద్రాబాద్‌లో, పెరిగింది ఈ గల్లీలో. దసరాకో సంక్రాంతికో నాలుగు రోజులు పోయొచ్చే ఊరు మాత్రం "మా ఊరు". మరి ఇది? "ఇక్కడ ఉంటాం అక్కా" అంటారు, అంతే. పద్నాలుగేళ్లుగా బతుకుతున్న చోటుకు వాళ్ల నోట ఉన్న పేరు "ఇక్కడ".

అమ్మానాన్నల ఊరిని మరిచిపొమ్మని నేనెప్పుడూ అనను. కానీ ఈ "ఇక్కడ" కూడా వాళ్లదేనని వాళ్లకు తెలియాలి. అది చెప్తే తెలిసేది కాదు, చేతులతో చేస్తే తెలుస్తుంది. అందుకోసం మేం వేసవుల్లో చేస్తున్న పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పిల్లలందరూ కలిసి ఒక పొడవాటి బట్ట మీద తమ గల్లీ కథను గీస్తారు. గీశాక ఆ గల్లీవాళ్ల ముందే విప్పి చెప్తారు. మేం ఉండేది హైదరాబాద్‌లో వారాసిగూడ, పార్శిగుట్ట వైపు. మీది మౌలాలి కావచ్చు, బోరబండ కావచ్చు, పద్ధతి ఒకటే.

బట్టే ఎందుకంటే, మన దగ్గర కథను బట్ట మీద గీసి చెప్పే సంప్రదాయం ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు మూడడుగుల వెడల్పు ఖద్దరు మీద, ఎర్రటి నేపథ్యంలో, గడి కింద గడిగా కులపురాణాలు గీసేవాళ్లు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని ఊరూరా తీసుకెళ్లి, ఒక్కో గడీ విప్పుకుంటూ రాత్రంతా పాడేవాళ్లు. ఎన్నో కులాలకు తమ పుట్టుక కథ ఒక పటంగా ఉండేది. మన బస్తీకి కూడా అలాంటిది ఒకటి ఉండాలన్న ఆలోచనతోనే ఇది మొదలైంది.

మొదటి ఏడాది మేం గోడ మీద వేశాం. పిల్లలు వారం రోజులు ఎండలో నిలబడి వేసిన బొమ్మ మీద నెల తిరక్కముందే ట్యూషన్ పోస్టర్లు పడ్డాయి, ఆ తర్వాత ఎవరో సున్నం కొట్టేశారు. ఒక పిల్లవాడు ఆ గోడ ముందునుంచి స్కూలుకు పోవడం మానేసి చుట్టు తిరిగి పోయేవాడు. ఖైరతాబాద్ పక్కన మక్తా గల్లీల్లో గోడల మీద ఉన్న పెద్ద పెద్ద బొమ్మలు నాకెంతో ఇష్టం. అయితే గోడ మనది కాదు. దాని యజమాని, అద్దెకున్నవాళ్లు, కార్పొరేషన్, పోస్టర్లు అంటించేవాళ్లు, అందరికీ దాని మీద హక్కుంటుంది. బట్టను చుట్టి చంకలో పెట్టుకుని పోవచ్చు.

ఎప్పుడు, ఎంతమందితో

ఏప్రిల్ చివర్లో స్కూళ్లు మూసేయగానే మొదలుపెట్టి, ఆషాఢం బోనాల ముందు పటం విప్పేలా లెక్క వేసుకోండి. బోనాలకు పెళ్లై వెళ్లిన ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, ఇల్లు మారి వెళ్లినవాళ్లు పాత గల్లీకి వస్తారు. మీ పటాన్ని చూసి తప్పులు చెప్పగలిగేది వాళ్లే. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు మార్చికి అటూఇటూగా ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో ఈ ఊసే ఎత్తకండి.

మొత్తం ఏడు ఆదివారాలు పడుతుంది, పూటకు రెండు గంటలు. మే నెలలో బయట తిరిగే పని పొద్దున ఏడుకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించాలి. పన్నెండు నుంచి పదిహేను మంది పిల్లలు చాలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవాళ్లు. ఇరవై దాటితే సగంమంది ఫోన్లు చూస్తూ కూర్చుంటారు. ఒకే స్కూలువాళ్లను, ఒకే భాషవాళ్లను తీసుకోకండి. ఒకే గల్లీలో తెలుగు మీడియం అమ్మాయి, ఉర్దూ మాట్లాడే అబ్బాయి, బిహార్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీ కొడుకు ఉంటారు, కానీ వాళ్లు కలిసి కూర్చునే చోటు ఎక్కడా ఉండదు.

ఆడపిల్లల ఇళ్లకు మీరే వెళ్లి అడగండి. చీటీ పంపితే రారు. వాళ్ల అమ్మతో మాట్లాడి, ఎక్కడికి తీసుకెళ్తారో, ఎన్నింటికి తిరిగి దింపుతారో చెప్పి రండి. నాన్న ఒప్పుకున్నా అన్న ఒప్పుకోని ఇళ్లు నాకు తగిలాయి. అలాంటప్పుడు ఆ అన్ననే రమ్మన్నాను, ఇద్దరూ వచ్చారు.

హద్దు గీసుకోండి

పావుగంటలో నడిచి తిరిగి రాగలిగినంత చోటే మీ పటం. అంతకు మించితే పిల్లలకు తెలిసింది తగ్గి, విన్నది పెరుగుతుంది.

దీనికి ఎదురయ్యే మొదటి చిక్కు చార్మినార్. "మీ చోటు గీయండి" అనగానే పిల్లలు చార్మినార్, గోల్కొండ, హైటెక్ సిటీ గీస్తారు. మా దగ్గర ఇద్దరు అబ్బాయిలు మొదటి గడిలో చార్మినార్ ఉండాల్సిందేనని పట్టుబట్టారు. కాదని చెప్పలేదు. "ఎన్నిసార్లు పోయారు?" అని అడిగాను. ఒకడు రెండుసార్లు, ఒకడు ఒక్కసారి, అదీ బట్టలు కొనడానికి. "మన డాబా ఎక్కితే కనబడుతుందా, చూసి రండి" అన్నాను. పోయి చూసి వచ్చారు, కనబడలేదు. అయినా వదల్లేదు. చివరికి మొదటి గడిలో పైమూలన బొటనవేలంత చార్మినార్ గీశారు, చాలా దూరాన ఉన్నట్టు. అది సరిగ్గానే ఉంది.

మొదటి ఆదివారం: జ్ఞాపకం నుంచి

ఫోన్లు ఒక డబ్బాలో పెట్టించి, ఒక్కొక్కరికీ ఒక చార్టు సగం చింపి ఇవ్వండి. ఇంటి గుమ్మం నుంచి కిరాణా దుకాణం దాకా దారి గీయమనండి. స్కేలు వద్దు, రబ్బరు వద్దు. దారిలో వచ్చే కుక్క, వాసన, నీడ, భయం, అన్నీ గీయొచ్చు. ఇరవై నిమిషాలు చాలు.

తర్వాత అన్నిటినీ నేల మీద పరిచి, కలిసే చోట కలపమనండి. ఇక్కడ మీరు మాట్లాడకండి, వాళ్లే వాదించుకుంటారు. "మోరీ ఆ పక్కన కాదు, ఈ పక్కన", "మీ ఇంటి ముందు వేపచెట్టు ఎక్కడుంది, కొట్టేశారు కదా". ఆ గంటలో మీకు తెలిసేది ఆరు నెలలు తిరిగినా తెలియదు.

ఒకసారి ఒకమ్మాయి ట్యూషన్‌కు పోయే దారి రెండుసార్లు గీసింది. ఒకటి దగ్గర దారి, దాన్ని పెన్సిల్‌తో కొట్టేసింది. ఇంకొకటి చుట్టుదారి. ఎందుకని అందరి ముందూ అడగలేదు. తర్వాత నీళ్లు తాగడానికి లేచినప్పుడు పక్కన కూర్చుంటే తనే చెప్పింది, దగ్గర దారిలో పాన్‌డబ్బా దగ్గర అబ్బాయిలు నిలబడతారని. ఇలాంటివి బయటికి వస్తాయి, సిద్ధంగా ఉండండి. దాన్ని పటంలో పెట్టాలా వద్దా, పెడితే ఎలా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. ఆమె పెడదామంది. రెండు దారులు గీసింది, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు, పాన్‌డబ్బా గీయలేదు. చూసిన ఆడపిల్లలందరికీ అర్థమైంది.

రెండో ఆదివారం: నడక

ముగ్గురేసి చొప్పున జట్లు కట్టండి. ప్రతి జట్టుకూ పల్చని తెల్లకాగితాలు, మైనం క్రేయాన్లు, ఒక చెంబు నీళ్లు ఇవ్వండి.

కాగితాలు అచ్చులు తీయడానికి. మ్యాన్‌హోల్ మూత మీద, పాత ఇంటి రాతి గడప మీద, షట్టర్ మీద, ఇనుప గ్రిల్ మీద కాగితం పరిచి క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దితే దాని అచ్చు దిగుతుంది. బొమ్మలు రాని పిల్లలకు ఇది పెద్ద ధైర్యం. "నాకు డ్రాయింగ్ రాదక్కా" అనేవాళ్లే ఎక్కువ అచ్చులు తెస్తారు. ఈ అచ్చులే తర్వాత పటం అంచుల్లో నగిషీ అవుతాయి.

చెంబు నీళ్లు వాలు చూడటానికి. ప్రతి మలుపు దగ్గరా కొన్ని నీళ్లు పోసి ఎటు పోతున్నాయో గుర్తుపెట్టుకోమనండి. హైదరాబాద్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద కూర్చున్న ఊరు. ఎక్కడ చూసినా గుట్టా బండా, వాటి మధ్య పల్లంలో కుంటా చెరువూ. పైన ఇళ్లు కట్టేశాం కానీ నీటికి ఆ సంగతి తెలియదు, అది తన పాత దారినే పోతుంది. 2020 అక్టోబరు వానలకు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చాలా బస్తీల్లో జనం గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు. పిల్లల్ని అడిగి చూపించుకొమ్మనండి.

ఒక పిల్లవాడు నడుస్తూ నడుస్తూ అడిగాడు, "పార్శిగుట్ట అంటారు కదా అక్కా, గుట్ట ఎక్కడుంది?" పక్కవాడు జవాబిచ్చాడు, "నువ్వు రోజూ సైకిల్ దిగి తోస్తావు చూడు, అది." వాడు అక్కడే ఆగిపోయి వెనక్కి తిరిగి రోడ్డంతా కిందికి చూశాడు. తర్వాత ఆ వాలును గీసింది వాడే.

పేర్ల మీద కొంచెం సమయం పెట్టండి. గూడ, పేట, గుట్ట, బండ, కుంట, బౌలి. బౌలి అంటే బావి. గచ్చిబౌలి, రేతిబౌలి అని రోజూ బస్సు మీద చదివే పిల్లలకు అందులో బావి ఉందని ఎవరూ చెప్పరు. కట్టమైసమ్మ గుడి కనబడితే అక్కడ ఆగండి. చాలాసార్లు దాని దగ్గర చెరువు కట్ట ఉంటుంది, లేదా ఉండేది. అంబర్‌పేటలో బతుకమ్మ కుంటకు చాలాకాలం పేరే మిగిలింది, నీళ్లు లేవు. తవ్వి మళ్లీ నీళ్లు నింపి, 2025లో అక్కడే బతుకమ్మ ఆడారు. పేరును పోగొట్టుకోకపోవడం ఎంత పనికొస్తుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

దగ్గర్లో వెళ్లగలిగిన చోటు ఉంటే ఒక పూట వెళ్లిరండి. మేం బన్సీలాల్‌పేట మెట్లబావికి వెళ్తాం. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉన్న ఆ బావిని శుభ్రంచేసి 2022 డిసెంబరులో తెరిచారు. పిల్లలు మెట్ల మీద కూర్చుని గీసుకుంటారు. మీరు అఫ్జల్‌గంజ్ వైపువాళ్లయితే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూపించండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు కింద నిలబెట్టి ఆ సంగతి చెప్పి ఊరుకోండి. మిగతాది పిల్లలు కొమ్మల్ని చూసుకుంటూ వాళ్లే లెక్క వేసుకుంటారు.

మూడో ఆదివారం: పెద్దవాళ్లను అడగడం

మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఎక్కువ చెడిపోయేదీ ఇక్కడే.

మా పిల్లలు మొదటిసారి వెళ్లినప్పుడు అరుగు మీద వెల్లుల్లి ఒలుచుకుంటున్న ఒక అవ్వ దగ్గర నిలబడి, "అవ్వా, ఈ ఏరియా హిస్టరీ చెప్పండి" అన్నారు. ఆమె తలెత్తకుండానే, "నాకేం తెల్వదు బిడ్డా, మా పెద్దోన్ని అడుగుండ్రి" అంది. పిల్లలు వెనక్కి తిరిగారు. అందులో ఒకమ్మాయి మాత్రం ఆగి, "అవ్వా, మీరు నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేటోళ్లు?" అంది. అవ్వ చేతిలో వెల్లుల్లి చాటలో పెట్టింది. చీరకొంగుకు చెయ్యి తుడుచుకుని, రెండు బిల్డింగుల మధ్య సందులోకి వేలు చూపించింది. "అగో, సెల్ టవర్ ఉన్నది సూడు, దాని కింద బాయి ఉండె. పొద్దుగాల మూడు బిందెలు, మాపటికి మూడు. ఒక బిందె నెత్తి మీద, ఒకటి సంకల. నడుమ ఒకపారి కింద పెడుతుంటిమి, గా చింతచెట్టు కాడ." చింతచెట్టు ఇప్పుడు లేదు. ఆమె చెయ్యి మాత్రం గాలిలో దాని చుట్టూ తిరిగి వచ్చింది. అరగంట చెప్పింది. లేచేటప్పుడు వెల్లుల్లి గుప్పెడు పిల్లల చేతిలో పెట్టింది, అమ్మకు ఇయ్యమని.

కాబట్టి "చరిత్ర" అన్న మాట వాడొద్దని పిల్లలకు ముందే చెప్పండి. చేతికి, కాలికి తగిలే సంగతులు అడగాలి. నీళ్లు ఎక్కడివి? నల్లా ఎప్పుడొచ్చింది, అంతకుముందు బోరింగు దగ్గర లైను ఎలా ఉండేది? ఇక్కడికి వచ్చిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు? అద్దె ఎంత? రాత్రి చీకట్లో ఎటు పోవడానికి భయపడేవాళ్లు? ఇప్పుడు లేనిది, మీకు కావాలనిపించేది ఏమిటి? ఒక్కొక్కరిని మూడే ప్రశ్నలు అడగాలి, మిగతాదంతా వినాలి.

కిరాణా సేఠ్‌ను, ఇరానీ హోటల్లో చాయ్ పోసే చాచాను, మసీదు పక్కన దర్జీ పని చేసే ఖాలాను, లేబర్ అడ్డా మీద పొద్దున్నే నిలబడేవాళ్లను, అందరినీ అడగండి. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లకు చెప్పేదేమీ ఉండదనుకోకండి. ఆరు నెలల కింద ఒడిశా నుంచి వచ్చిన ఒకతను, ఈ గల్లీలో తనతో మొదట మాట్లాడింది ఎవరో చెప్పాడు. అదొక గడి అయింది.

ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగాలి. పేరు వాడొచ్చా అని విడిగా అడగాలి. మంచి విషయమైనా సరే, అడగకుండా ఎవరి ముఖమూ పటంలో గీయకూడదు.

నాలుగో ఆదివారం: ఎనిమిది గడులు

తెచ్చిన ప్రతి సంగతినీ ఒక చీటీ మీద ఒక్క వాక్యంగా రాసి నేల మీద పరచండి. మాకు నలభైకి పైగా వస్తాయి. గడులు ఎనిమిదే. ఓటింగ్ పెట్టకండి. ఓటింగ్ పెడితే గణేశ్ మండపం, క్రికెట్, బిర్యానీ గెలుస్తాయి. అవి కూడా కావాలి, కానీ బావి ఓడిపోతుంది. దానికి బదులు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చీటీలను పక్కపక్కన పెట్టమనండి. బావి, నల్లా లైను, వాటర్ ట్యాంకర్, వరద మరక ఒకచోట చేరతాయి. మండపం, పీర్ల చావిడి, బోనం, చర్చి స్టార్ ఒకచోట. ఇలా గుంపులు తేలాక ఒక్కో గుంపు ఒక్కో గడి అవుతుంది.

హద్దులు కొన్ని మొదటే చెప్పేయండి. పార్టీ జెండా, నాయకుడి ముఖం వద్దు. ఎవరి ఇంటి గొడవా వద్దు. అయితే మోరీ, చెత్తకుప్ప, కూలిపోయిన ఇల్లు, మూతపడ్డ స్కూలు, ఇవి ఉండనివ్వాలి. అందమైనవే గీయించాలన్న ఆరాటం పెద్దవాళ్లది. పిల్లలకు తాము చూసేది పటంలో కనబడకపోతే అది వాళ్లది కాకుండా పోతుంది.

బట్ట సిద్ధం చేయడం

ఆరు మీటర్ల ఖద్దరు తీసుకోండి, పన్నా ముప్పై ఆరు అంగుళాలు. జనరల్ బజార్‌లోగానీ కోఠీ వైపుగానీ దొరుకుతుంది. మరీ పల్చనిది వద్దు, వెలుగుకు పట్టి చూస్తే వేలు స్పష్టంగా కనబడకూడదు. ఒకసారి వేడినీళ్లలో ఉతికి గంజి వదిలించి ఆరేయండి. రెండడుగుల గడులు ఎనిమిది, చివర్లో చూసినవాళ్లు తప్పులు రాయడానికి ఒక ఖాళీ గడి, పైనా కిందా కర్రలు తొడగడానికి మిగతాది, లెక్క సరిపోతుంది.

చేర్యాలవాళ్లు బియ్యపు గంజి, సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి మూడు పూతలు పూస్తారు. సమయం ఉంటే చింతగింజలతోనే చేయండి, పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు. అరకిలో గింజలు వేయించి, రాత్రంతా నానబెట్టి, నల్ల తొక్క తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లుపోసి జావలా ఉడికించాలి. సుద్దపొడి కలిపి వెడల్పాటి బ్రష్‌తో పల్చగా పూయాలి. పురుగు పట్టకుండా కొందరు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న చోట వద్దు. సమయం లేకపోతే గోడలకు వేసే తెల్ల ఎమల్షన్ రంగులో సగం నీళ్లు, కొంచెం ఫెవికాల్ కలిపి పూసినా పని జరుగుతుంది.

ఏది పూసినా పల్చగా మూడుసార్లు పూయాలి, మందంగా ఒక్కసారి పూయకూడదు. మేం ఒక ఏడాది తొందరపడి మందంగా పూశాం. చుట్టగానే మట్టిపెళ్ల పగిలినట్టు పగిలింది. ముందు ఒక చిన్న ముక్క మీద పూసి, ఆరాక వేలికి చుట్టి చూడండి. పగుళ్లు రాకపోతేనే పెద్దబట్ట మీదికి వెళ్లండి. మే ఎండలో డాబా మీద ఒక్కో పూత అరగంటలో ఆరిపోతుంది. పూతకూ పూతకూ మధ్య సన్న గరుకు కాగితంతో రుద్దండి.

రంగులకు హార్డ్‌వేర్ దుకాణం చాలు. నేపథ్యానికి ఎర్ర ఆక్సైడ్ పొడి, మన పాత ఇళ్లలో ఎర్ర గచ్చుకు వాడేదే. దాన్ని ఫెవికాల్, నీళ్లతో కలపాలి. పొడి కలిపే పని పెద్దవాళ్లు మూతికి గుడ్డ కట్టుకుని చేయాలి. పటానికంతటికీ సరిపడా ఎరుపు ఒకేసారి ఒక బకెట్లో కలిపి మూతపెట్టండి, రెండోసారి కలిపితే అదే ఎరుపు రాదు. మిగతా రంగులకు తెల్ల ఎమల్షన్, దానిలో కలిపే చిక్కటి రంగు, అంటే స్టెయినర్, నాలుగు చిన్న సీసాలు. స్టెయినర్ అచ్చంగా పూస్తే ఆరదు, ఎమల్షన్‌లో చుక్కలు చుక్కలుగా కలపాలి. బ్రష్షులు, బట్ట, టిఫిన్లు అన్నీ కలిపి మాకు ఆరు వేలకు అటూఇటూ అవుతుంది.

ఐదు, ఆరు ఆదివారాలు: గీయడం

ముందు ఒక గంట కళ్లు మాత్రమే గీయించండి, అందరితో. ఎవరి కన్ను వాళ్లు గీశాక, "మన పటంలో మనుషులకు ఏ కన్ను?" అని అడగండి. ఒకటి తేల్చుకుని అందరూ అదే నేర్చుకోవాలి. పదిహేను చేతులు గీసినా పటం ఒక్కటిగా కనబడేది దీనివల్లే.

తర్వాత ఒకే నియమం. ఎవరు మొదలుపెట్టింది వాళ్లు పూర్తి చేయకూడదు. పెన్సిల్ ఒకరిది, రంగు ఇంకొకరిది, నల్లగీత మూడోవారిది. ఇరవై నిమిషాలకోసారి జరగాలి. మొదటిరోజు గొడవలవుతాయి. "నా మేకను పాడుచేసింది" అని ఒకడు అలిగి డాబా దిగిపోయాడు. మేకకు కొమ్ములు పెట్టిన అమ్మాయి వెళ్లి పిలుచుకొచ్చింది. మీరు మధ్యలో దూరకండి, వాళ్లే సర్దుకుంటారు.

ప్రతి గుంపులోనూ బాగా గీసేవాడు ఒకడుంటాడు. అందరూ వాడి చేతిలో బ్రష్ పెట్టేసి కూర్చుంటారు. వాడికి రంగులు కలిపే పని, చివర్లో నల్లగీతల పని ఇవ్వండి. మధ్యలో పని ఇవ్వకండి.

పెద్దవాళ్లు వచ్చి చూస్తారు, చూడనివ్వండి. అవ్వ కూడా వచ్చింది. బిల్డింగ్ కింద నీలంగా గుండ్రంగా గీసిన బావిని చూసి, "గింత సిన్నది కాదు" అంది. పెద్దది చేశారు. పక్కనున్న ఇల్లు సగం నీళ్లలోకి పోయింది. అలాగే ఉంచాం.

ఏడో ఆదివారం: విప్పడం

సాయంత్రం ఆరున్నరకు, గల్లీలోనే. వాన రావచ్చు కాబట్టి ఏదైనా వరండాగానీ, టార్పాలిన్‌గానీ చూసి పెట్టుకోండి. మొదటి అంతస్తు గ్రిల్‌కు పైకర్ర కట్టి, చుట్టిన పటాన్ని గడి గడిగా కిందికి వదలాలి. మైకు వద్దు. మైకు పెడితే ఎవరికో ఒకరికి ఉపన్యాసం ఇవ్వాలనిపిస్తుంది. ముఖ్య అతిథి అసలే వద్దు.

ఒక్కో గడి ఒక్కో జట్టు చెప్పాలి, రెండు నిమిషాలకు మించకుండా. ఏ భాషలో విన్నారో ఆ భాషలోనే చెప్పమనండి. మా పటంలో మూడు గడులు ఉర్దూలో, ఒకటి కొంత ఒడియాలో ఉంటాయి. జనానికి అర్థమవుతుంది, బొమ్మ ఎదురుగానే ఉంది కదా. ఎవరింట్లోనైనా డప్పు ఉంటే గడి మారినప్పుడల్లా ఒక దెబ్బ కొట్టించండి.

చివరి ఖాళీ గడి దగ్గర ఒక పెన్సిల్ దారానికి కట్టి వేలాడదీయండి. తప్పులుంటే అక్కడ రాయమని, గీయమని పిలవండి. మొదట ఎవరూ రారు. మా దగ్గర పెళ్లై మల్కాజిగిరి వెళ్లిన ఒకావిడ, బోనాలకు వచ్చినావిడ, ముందుకొచ్చింది. బావి సెల్ టవర్ కింద కాదు, దాని వెనక ఇంటి కింద అని గీసింది. అవ్వ ఒప్పుకోలేదు. ఇద్దరూ లేచి ఆ చీకట్లో సందులోకి నడిచారు, వెనకే పిల్లలు ఫోన్ లైట్లు వేసుకుని. తేలలేదు. పటంలో ఇప్పుడు రెండు బావులున్నాయి.

విప్పిన రాత్రే చుట్టేయకండి, ఒక రోజు ఆరనివ్వండి. మడతపెట్టకూడదు. మూడంగుళాల పీవీసీ పైపుకు, రంగువైపు బయటికి వచ్చేలా చుట్టి, పాత నూలుచీర కప్పి, మధ్యలో ఎండు వేపాకు వేయండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. పటం మీ ఇంట్లో ఉంచుకోకండి. నెలకొక పిల్లవాడి ఇంట్లో ఉండేలా వంతులు వేసి, ఎవరి వంతు ఎప్పుడో ఒక కాగితం మీద రాసి పైపు లోపలే పెట్టండి. కిందికర్ర దగ్గర నాలుగంగుళాల బట్ట వదిలి కుట్టండి, వచ్చే ఏడు కొత్తబట్ట అక్కడే జతచేయాలి.